శంషాబాద్ నుంచి డాలస్: టికెట్‌లో పదకొండు గంటలు, ఒంటికి ముప్ఫై ఏడు

2025 ఫిబ్రవరి 11 రాత్రి 9:50కి శంషాబాద్‌లో బయల్దేరి, 12 ఉదయం 8:50కి డాలస్‌లో దిగుతామని మా టికెట్‌లో ఉంది. మధ్యలో దుబాయ్‌లో విమానం మారాలి. ఆ రెండు టైములు చూసి మా వారు "పదకొండు గంటలేగా" అన్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసిన మనిషికే అలా అనిపించిందంటే, మొదటిసారి పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్లలో ఇంకెంతమంది అలా అనుకుంటారో. టికెట్‌లో ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఫిబ్రవరిలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అది కలిపితే శంషాబాద్‌లో విమానం కదిలినప్పటి నుంచి డాలస్‌లో ఆగేదాకా ఇరవై రెండున్నర గంటలు. తెనాలిలో మా గుమ్మం దాటినప్పటి నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో అమ్మాయి ఇంట్లో అడుగుపెట్టేదాకా చూస్తే ముప్ఫై ఏడు గంటలు దాటింది.

ఈ లెక్క నాకు అంత ముఖ్యం కావడానికి కారణం మా వారి షుగర్. ఆయన రోజూ రాత్రి తొమ్మిదికి ఇన్సులిన్ తీసుకుంటారు. మూడు దేశాల గడియారాలు దాటే ప్రయాణంలో రాత్రి తొమ్మిది అంటే ఏ ఊరి తొమ్మిది? ఈ ప్రశ్న నన్ను రెండు నెలలు నిద్రపోనివ్వలేదు. దూరాలు, టైములు, గాలులు అన్నీ దీనికోసమే తెలుసుకున్నాను. పెద్దవాళ్లను పంపే పిల్లలకీ, బయల్దేరే పెద్దవాళ్లకీ పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అమ్మాయికి మార్చి మొదట్లో డెలివరీ డేట్ ఇచ్చారు. నవంబరులో అల్లుడు టికెట్లు చూడటం మొదలుపెట్టాడు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఇలా ఎక్కడో ఒకచోట మారాల్సిందే. దుబాయ్ మీదుగా రానుపోను ఒక్కొక్కరికి లక్షా ఇరవై నాలుగు వేలు అయింది. రెండుచోట్ల మారే ఇంకో టికెట్ మనిషికి పద్నాలుగు వేలు తక్కువకు వచ్చేది, కానీ మొత్తం ముప్ఫై ఒక్క గంటలు. ఇద్దరికీ కలిపి ఇరవై ఎనిమిది వేలు మిగులుతాయని మా వారికి మనసులో ఉంది. నేను ఒప్పుకోలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని రెండు ఎయిర్‌పోర్టుల్లో దించి ఎక్కించడం, ఎనిమిదిన్నర గంటలు ఎక్కువ కూర్చోబెట్టడం ఆ డబ్బుకు సరిపోదు. ఇప్పటికీ అదే అంటాను.

నా భయం ఇంకొకటి ఉండేది. అమెరికా ఎక్కడో, దుబాయ్ ఎక్కడో, చుట్టు తిరిగి పోతున్నామేమో అని. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో పాత గ్లోబు ఒకటుంది. దాని మీద దారం పట్టి చూశాను. హైదరాబాద్ దగ్గర ఒక కొస, డాలస్ దగ్గర ఒక కొస పెట్టి బిగించి లాగితే దారం దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి వెళ్లింది. మన రేఖాంశానికి డాలస్ సరిగ్గా భూమికి అవతలి వైపున ఉన్నట్టే లెక్క, అందుకని. ఆ దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. ఇక దుబాయ్ మీదుగా చూస్తే శంషాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డాలస్ 12,900, మొత్తం 15,450. అంటే దుబాయ్‌లో దిగి వెళ్లడం వల్ల పెరిగే దూరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. విమానానికి అది గంటా పావు పని. గోడ మీద మ్యాపు చూస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు, గ్లోబు మీదే తెలుస్తుంది. దుబాయ్-డాలస్ దారం కూడా సముద్రం మధ్యలోంచి అడ్డంగా పోకుండా యూరప్ ఉత్తరపు అంచు దాటి, గ్రీన్‌లాండ్ మీదుగా, కెనడాలోకి దిగి టెక్సస్ చేరింది. మా వారు దారాన్ని తానే రెండుసార్లు బిగించి చూసి ఊరుకున్నారు.

ఇంకో చిన్న విషయం. ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తే కంగారుపడొద్దు. దుబాయ్-డాలస్ దూరం అమ్మాయి ఫోన్లో ఎనిమిది వేలు అంటుంది, అల్లుడు చూసినచోట దాదాపు ఏడు వేలు అని ఉంది, నా లెక్క పన్నెండు వేల తొమ్మిది వందలు. మూడూ నిజమే. అమ్మాయిది మైళ్లలో, అల్లుడిది విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో, నాది కిలోమీటర్లలో. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు.

జనవరి చివర్లో మా డాక్టర్ దగ్గరికి వెళ్లాం. వెళ్లేముందు ఒక తెల్లకాగితం మీద మూడు వరసలు గీసుకున్నాను: మన టైము, దుబాయ్ టైము, డాలస్ టైము. ఏ గంటకు మేం ఎక్కడుంటామో, ఎప్పుడు తిండి పెట్టొచ్చో పక్కన రాశాను. డాక్టర్ ఆ కాగితం చూసి చాలా మెచ్చుకున్నారు. ఆయన చెప్పింది ఇది. రోజుకోసారి తీసుకునే ఇన్సులిన్‌కు ఊరి గడియారంతో పనిలేదు, ఇరవై నాలుగు గంటల ఎడం ముఖ్యం, కాబట్టి ప్రయాణం అయ్యేదాకా మన టైమునే పట్టుకోండి. భోజనంతో వేసుకునే మాత్రకు మాత్రం గడియారమే వద్దు, ట్రే ఎదురుగా పెట్టాకే వేసుకోవాలి, నిద్రపోయి భోజనం మానేస్తే మాత్రా మానేయాలి. ఆరేడు గంటలకోసారి వేలి మీద చూసుకోవాలి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, కింద సామాన్లలో వేస్తే అక్కడి చలికి గడ్డకట్టి పాడవచ్చు. మందుల పేర్లతో ఇంగ్లీషులో ఒక ఉత్తరం కూడా రాసిచ్చారు. ఇదంతా మా వారి మందులకు మా డాక్టర్ చెప్పిన మాట. ఇన్సులిన్‌లో రకాలుంటాయి, మీ డాక్టర్‌ని మీరు అడిగి తీరాలి.

కాగితం ప్రకారం 11 రాత్రి తొమ్మిదికి ఒక డోసు శంషాబాద్‌లో, విమానం ఎక్కేముందు. తర్వాతి డోసు 12 రాత్రి తొమ్మిదికి, అంటే డాలస్‌లో ఉదయం తొమ్మిదిన్నరకు. మేం దిగేది 8:50కి. సరిగ్గా ఇమిగ్రేషన్ లైన్లో ఉండే సమయం. ఆ గంట గురించి నాకున్న టెన్షన్ ఇంతా అంతా కాదు. గంటో రెండు గంటలో ఆలస్యమైతే ఫర్వాలేదని డాక్టర్ చెప్పాకే కాస్త స్థిమితపడ్డాను.

భోజనం గురించి ఒక మాట తప్పక చెప్పాలి. టికెట్ బుక్ చేశాక భోజనం ఎంచుకోమంటారు. అందులో "హిందూ మీల్" అని ఉంటుంది. శాకాహారులు పేరు చూసి అది పెట్టుకుంటారు, కానీ అందులో మాంసం ఉండొచ్చు. మనకు కావాల్సింది "ఏషియన్ వెజిటేరియన్ మీల్". అల్లుడికి తెలుసు కాబట్టి అదే పెట్టాడు. ఇలా ముందుగా చెప్పుకున్నవాళ్లకు ట్రే అందరికంటే ముందొస్తుంది. షుగర్ ఉన్న మనిషికి ఆ అరగంట కూడా విలువైనదే.

గన్నవరం నుంచి శంషాబాద్‌కు విమానంలో వెళ్దామా అని కూడా ఆలోచించాం. ఎగిరేది గంట లోపే. కానీ అది విడి టికెట్ అవుతుంది, దేశంలో తిరిగే విమానాల్లో సామాను సాధారణంగా మనిషికి 15 కిలోలే. అమెరికా టికెట్ మీద మాకు రెండేసి పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఎక్కువైన కిలోలకు కట్టే డబ్బుతో కారే వస్తుంది. ఆరున్నర వేలకు కారు మాట్లాడుకున్నాం.

11 ఉదయం తొమ్మిదిన్నరకు తెనాలిలో బయల్దేరాం. చిల్లకల్లు టోల్ దాటాక మా వారు కాసేపు నిద్రపోయారు. సూర్యాపేటలో భోజనం. కొర్లపహాడ్, పంతంగి టోళ్లు దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. కౌంటరు తెరిచింది ఆరు దాటాక. గుమ్మంలోంచే వీల్‌చైర్ అడిగాం. దీనికి డబ్బులేమీ కట్టక్కర్లేదు, టికెట్‌తో పాటే రాయించుకోవాలి, అంతే. సెక్యూరిటీలో ఇన్సులిన్ పెన్నులు, సూదులు, డాక్టర్ ఉత్తరం విడిగా ట్రేలో పెట్టాను. చూసి పంపేశారు, ఒక్క ప్రశ్న అడగలేదు.

తొమ్మిదికి గేటు దగ్గర కుర్చీలో కూర్చుని మా వారు ఇన్సులిన్ తీసుకున్నారు. అప్పుడే నేను ఆయన ఎడమచేతి వాచీని చూపించి, "ఏమండీ, అమ్మాయి ఇంటికి వెళ్లేదాకా దీన్ని తిప్పొద్దు" అన్నాను. "నువ్వు చెప్పాక తిప్పుతానా" అన్నారు. ఫోన్ ఎక్కడ దిగితే అక్కడి టైముకు దానంతటదే మారిపోతుంది. మందులున్నవాళ్లు ఒక మామూలు వాచీని మన టైములోనే ఉంచుకోండి. ఈ ప్రయాణంలో మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే.

విమానం గేటు దగ్గర కదిలింది 9:50కే, నేల విడిచింది 10:05కి. దుబాయ్‌లో నేల తాకేసరికి అక్కడి అర్ధరాత్రి పన్నెండు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక కాబట్టి గాల్లో ఉన్నది మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. టికెట్‌లో మూడు గంటల యాభై నిమిషాలు అని ఉంటుంది. టికెట్‌లో వేసేది గేటు నుంచి గేటు దాకా. రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడం, దిగాక ఆగేదాకా నడవడం అందులోనే కలుస్తాయి. ఈ సంగతి తెలియకపోతే దిగడం ఆలస్యమైందనో, తొందరగా వచ్చేశామనో అనిపిస్తుంది.

దుబాయ్‌లో చేతిలో ఉన్న టైము రెండున్నర గంటలు. వింటే బోలెడనిపిస్తుంది. దిగి, వీల్‌చైర్ వాళ్లందరూ కూర్చునే చోటుకు చేరి, మా వంతు కోసం చూసి, మళ్లీ సెక్యూరిటీ దాటి, లోపలి రైలెక్కి, లిఫ్టుల్లో పైకీ కిందికీ తిరిగి గేటు చేరేసరికి ఒంటిగంటా నలభై. నలభై నిమిషాలు కూర్చున్నచోట మా చుట్టూ సగం మంది తెలుగువాళ్లే. ఒకావిడ కరీంనగర్ నుంచి ఒక్కతే కొడుకు దగ్గరికి హ్యూస్టన్ వెళ్తోంది. పేరు పిలిచినప్పుడు అర్థం కాదేమోనని బోర్డింగ్ పాస్ చేత్తో పైకెత్తి పట్టుకునే కూర్చుంది. ఆమె గేటుకు వెళ్లేదాకా నా మనసు అక్కడే ఉంది. రెండు గంటల లోపు ఎడంతో పెద్దవాళ్లకు టికెట్ తీయొద్దని పిల్లలకు గట్టిగా చెబుతున్నాను.

ఇక అసలు ప్రయాణం. దుబాయ్ టైము రెండు నలభైకి కదలాల్సింది పదిహేను నిమిషాలు ఆలస్యమై, మూడుంబావుకు గాల్లోకి లేచింది. ఎదుటి తెరమీద గమ్యం ఇంకా ఎంతదూరమో కనిపిస్తుంది. పన్నెండు వేల పైచిలుకు అంకె చూడగానే గుండె ఒకసారి జారింది. గంటకు ఎనిమిది వందల ముప్ఫై, ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు పోతున్నా ఆ అంకె తరగదు. మొదటి నాలుగు గంటలు బాగానే గడుస్తాయి, ఎక్కిన హడావుడి, భోజనం, కొంచెం నిద్ర. అయిదో గంట నుంచి పదకొండో గంట దాకా ఉండే కాలం కష్టం. లైట్లన్నీ తీసేస్తారు. పక్కవాళ్లు నిద్రపోతుంటారు. నడుము ఒకవైపు, మోకాళ్లు ఒకవైపు లాగుతుంటాయి. మా వారు అప్పుడు నా చెయ్యి పట్టుకుని "ఇంత దూరమా పిల్ల ఉంటోంది" అన్నారు. అమ్మాయి అమెరికా వెళ్లి తొమ్మిదేళ్లయింది. ఆ దూరం ఆయనకు ఒంటికి తెలిసింది ఆ రాత్రే. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

గంటన్నరకోసారి ఆయన్ని లేపి వెనక వంటగది దాకా నడిపించాను. అక్కడ నీళ్లు, పళ్లరసం, బిస్కెట్లు అడిగితే ఇస్తారు. గాలి బాగా పొడిగా ఉంటుంది, పెదాలు పగిలాయి, నీళ్లు తాగుతూనే ఉండాలి. కాళ్లకు బిగుతు మేజోళ్లు పద్నాలుగు వందలు పెట్టి కొన్నాం. ఆయన వేసుకున్నారు, ఆయన కాళ్లు వాయలేదు. నాకెందుకులే అని నేను కొనుక్కోలేదు, దిగాక నా చెప్పులు పట్టలేదు. ఇద్దరికీ కొనుక్కోండి. మధ్య నడవా పక్క సీట్లు ముందే డబ్బు కట్టి తీసుకోవడం కూడా అనవసరపు ఖర్చు కాదు. ఎవరినీ లేపకుండా లేవగలగడం ఆ వయసులో పెద్ద సుఖం.

తెల్లవారకపోవడం మరో వింత. శంషాబాద్‌లో సాయంత్రం ఆరుంబావుకు పొద్దు గూకింది. ఆ తర్వాత మేం పడమటికి, ఉత్తరానికి పోతూనే ఉన్నాం, రాత్రి మాతోపాటే వస్తోంది. ఫిబ్రవరిలో ఉత్తరాన రాత్రులు పొడుగు. గ్రీన్‌లాండ్ మీదున్నప్పుడు కిటికీ దగ్గరికెళ్లి చూశాను, చీకటి తప్ప ఏమీ లేదు. మళ్లీ వెలుతురు కనిపించింది అమెరికా మధ్య రాష్ట్రాల మీదికొచ్చాక. మా వారి వాచీలో అప్పుడు సాయంత్రం ఆరున్నర. అంటే దాదాపు ఇరవై నాలుగు గంటల రాత్రి. ఏళ్ల తరబడి పిల్లలకు రేఖాంశాలూ కాలమండలాలూ చెప్పినదాన్ని, అది కళ్లారా చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఒళ్లు మాత్రం ఎప్పుడు పడుకోవాలో తెలియక తికమకపడింది.

షుగర్ మూడుసార్లు చూశాం. ఒకసారి కొంచెం పెరిగింది, పడిపోవడం అయితే జరగలేదు. దుబాయ్ నుంచి లేచిన పదిహేను గంటల ఇరవై అయిదు నిమిషాలకు, డాలస్ టైము 8:40కి నేల తాకింది.

డాలస్‌లో వీల్‌చైర్ లైను వేరుగా ఉంది. అయినా ముప్పావుగంట పట్టింది. తొమ్మిదిన్నర ఆ లైన్లోనే దాటింది. మా వారు వాచీ చూసుకుంటున్నారు, నేను ఆయన మొహం చూస్తున్నాను. ఆఫీసరు ఎందుకొచ్చారు, ఎవరి దగ్గర ఉంటారు, ఎప్పుడు వెళ్తారు అని అడిగాడు. తిరుగు టికెట్ కాగితం చూపించాం. వేలిముద్రలు, ఫోటో తీసుకుని ఆరు నెలలు ఇచ్చాడు. తర్వాత పెట్టెలు. తిండి వస్తువులు ఉన్నాయని అడగ్గానే చెప్పేశాను: ఆవకాయ, గోంగూర, కందిపొడి, జంతికలు. ఫర్వాలేదు పొమ్మన్నారు. కరివేపాకు తేవొద్దని అమ్మాయి ముందే చెప్పింది, ఆకుల్ని, పళ్లను లోపలికి రానివ్వరు. బయటికి వచ్చి అమ్మాయిని చూసి ఏడుపూ నవ్వూ అయ్యాక, ఆ కుర్చీల దగ్గరే పదిన్నరకు ఇన్సులిన్ ఇచ్చాను. ఇరవై అయిదు గంటల ఎడం. డాక్టర్ చెప్పిన లోపే. ఆ పెన్ను మూత పెట్టినప్పుడు నాకు ప్రయాణం అయినట్టనిపించింది. అక్కడి నుంచి ఫ్రిస్కో ముప్పావుగంట లోపే.

కొత్త టైముకు ఒళ్లు సర్దుకోవడానికి వారం పైనే పట్టింది. రాత్రి రెండింటికి ఇద్దరం లేచి కూర్చునేవాళ్లం. ఇన్సులిన్‌ను రాత్రికి మార్చకుండా ఉదయం తొమ్మిదిన్నరకే ఉంచమని డాక్టర్ ఫోన్లో చెప్పారు. మార్చి 9న అక్కడ గడియారాలు గంట ముందుకు తిప్పారు, మనకూ వాళ్లకూ తేడా పదిన్నర గంటలైంది. పాప అప్పటికి పుట్టింది.

తిరుగు టికెట్ జూన్ 18. జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలింది. మర్నాడు ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాయి, ఇరాన్, ఇరాక్ ఆకాశం మూసేశారు. వారం రోజులు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అమ్మాయి "ఇంకో నెల ఉండండి అమ్మా" అని ఏడ్చింది. అల్లుడు రోజుకు నాలుగుసార్లు విమానం స్టేటస్ చూసేవాడు. టికెట్ మార్చుకోవచ్చు, కానీ ఇద్దరికీ కలిపి అరవై వేల పైమాటే, పైగా నెల తర్వాత పరిస్థితి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు. అంతా మాట్లాడుకుని వెళ్లడానికే నిశ్చయించుకున్నాం. మా వారి ధైర్యం నాకు ధైర్యమైంది.

మధ్యాహ్నం 12:10కి కదలాల్సింది, 12:40కి లేచాం. ఈసారి తెరమీద దారి చూస్తే గ్రీన్‌లాండ్ లేదు. అట్లాంటిక్ దాటి, మధ్యధరా సముద్రం మీదుగా, ఈజిప్టు, సౌదీ మీంచి దుబాయ్. ఇంటికొచ్చాక గ్లోబు మీద లెక్కేస్తే ఆ చుట్టు ఆరు వందల కిలోమీటర్ల పైన. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం అని ఎక్కడైనా చూస్తే కనిపించేది గ్లోబు మీది దారం పొడుగే. విమానం ఆ రోజు పోయే దారి వేరు, అది గాలిని బట్టి, కింద ఏ దేశంలో ఏం జరుగుతోందో దాన్ని బట్టి మారుతుంది. అంత చుట్టు తిరిగినా పద్నాలుగు గంటల యాభై నిమిషాల్లో దిగాం, వెళ్లేటప్పటికంటే అరగంట తక్కువే. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులే దానికి కారణం. వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక తోడు. తెరమీద వేగం గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటడం చూశాను. భూమి తిరగడం వల్ల ఇలా అవుతుందని చాలామంది అంటారు. అది కాదు, భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతుంది. తేడా తెచ్చేది ఈ గాలి ప్రవాహమే. ఈసారి రాత్రి అయిదు గంటలకు మించి లేదు, అట్లాంటిక్ మీద పొద్దు గూకితే ఇటలీ దగ్గర తెల్లవారింది.

దుబాయ్‌లో దాదాపు గంట ఆలస్యంగా దిగినా, అక్కడ నాలుగు గంటల ఎడం పెట్టుకున్నాం కాబట్టి హైదరాబాద్ విమానం తేలిగ్గా అందింది. ఆ ఎడమే రెండు గంటలైతే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం. ఇన్సులిన్ లెక్క ఈసారి సులువు. 18 ఉదయం తొమ్మిదిన్నరకు డాలస్‌లో తీసుకున్నారు, అంటే మన రాత్రి ఎనిమిది. 19 రాత్రి ఎనిమిదికి మేం గాల్లో ఉన్నాం. 8:50కి శంషాబాద్‌లో దిగి, తొమ్మిదింబావుకు పెట్టెల బెల్టు దగ్గర కూర్చుని తీసుకున్నారు. దాంతో ఆయన పాత రాత్రి తొమ్మిది మళ్లీ వచ్చేసింది.

ఖర్చులు అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. టికెట్లు రెండు లక్షల నలభై ఎనిమిది వేలు, రానుపోను సీట్లకు పంతొమ్మిది వేలు, ఇద్దరికీ ఇన్సూరెన్స్ అరవై రెండు వేలు, కార్లు పదమూడు వేలు. ఇన్సూరెన్స్‌లో అంతకుముందే ఉన్న జబ్బులకు ఏ మేరకు వర్తిస్తుందో కాగితం చదివి తీసుకోవాలి. చవకది తీసుకుంటే షుగర్ వల్ల వచ్చే దేనికీ పనికిరాదు. ఇప్పుడు మా చెల్లెలూ మరిదిగారూ నవంబరులో న్యూజెర్సీ వెళ్తున్నారు. మరిదిగారికి బీపీ. వాళ్ల టికెట్ నా దగ్గరికి పంపించమన్నాను, మూడు వరసల కాగితం గీసివ్వడానికి.